తీసినవారు – దిగినవారు

తెలుగులో ఫోటోకు రెండు క్రియలు గలవు. కెమెరా పట్టినవాడు ఫోటో తీయును. కెమెరా కెదురుగా నున్నవాడు ఫోటో దిగును. చిత్రకారుని యెదుట గంటల తరబడి కదలక కూర్చుండిన యలవాటుచేత గాబోలు, ఇంగ్లీషువారు చిత్రమునకు "కూర్చుందురు". మనవారు మాత్రము దిగుదురు. దిగుట యనగా ఏటిలో దిగినట్లు, పనిలోనికి దిగినట్లు, తానై పూనుకొని చేయునది. మా కరీంనగరపు పల్లెలలో తీయుటకు "దించుట" యనియు వాడుక గలదు. ముసలివారు "నేను ఫోటువ దిగిన" అని చెప్పునపుడు ఆ మాటలో కొంత సాహసము, కొంత ముచ్చట వినిపించును. ఈ వాడుకను బట్టి చూడగా ఒక రూపచిత్రమునకు కర్త లిద్దఱు. ఐనను ఆ చిత్రమును చూచి మనము పలుకు మాటలలో ఈ యిద్దఱికిని న్యాయము జరుగుట లేదు. తీసినవానికి చెప్పవలసినది చెప్పము; దిగినవారిని గుఱించి చెప్పగూడనిది చెప్పుదుము.

నేడు కెమెరా చేరని యిల్లు అరుదు. చేతిలో ఫోను గల ప్రతివాడును ఎప్పుడో యొకప్పుడు తల్లినో, బిడ్డనో, మిత్రునో చిత్రించుచునే యున్నాడు. తీసిన చిత్రము నిమిషములో నలుబది మంది బంధువులకు చేరును. నలుబది మందియు "బాగున్నది" అందురు. మాటలకు తీఱిక లేనివారు బొటనవ్రేలి గుర్తు పెట్టుదురు. అంతటితో ఆ చిత్రమును గుఱించిన చర్చ ముగిసినది. తీసినవాడు మఱునాడు అదే యెండలో, అంతే దూరమునుండి, అదే లోపముతో మఱియొక చిత్రము తీయును.

నేను బడిపంతులను. ఇరువది యేండ్లకు పైగా పిల్లల వ్యాసములు దిద్దుచున్నాను. నోటుపుస్తకము చివర "బాగున్నది" అని వ్రాసినను, "ఇంకను బాగుగా వ్రాయవలెను" అని వ్రాసినను ఫలిత మొక్కటే. ఆ రెండు మాటలలో దేనిని చదివియు పిల్లవాడు తన కలమును ఎటు త్రిప్పవలెనో తెలిసికొనలేడు. "మూడవ వాక్యములో పని చేసిన దెవరో తెలియుట లేదు" అని యంచున వ్రాసినచో వాడు అప్పటికప్పుడే ఆ వాక్యమును తిరిగి వ్రాయగలడు. ఫోటో విషయమునందును నా యనుభవ మిట్టిదే.

ఇది తీఱికగలవారి వినోదమునకు సంబంధించిన చిన్న సంగతి యని కొట్టివేయువారు, మన పల్లెటిండ్ల గోడలపై దండ వేసిన చిత్రములను ఒకమాఱు దగ్గఱగా పరికింపవలెను. వానిలో ననేకములు ఓటరు కార్డునుండి పెంచినవి. ఎన్నికల సంఘము ఫోటోతో గూడిన గుర్తింపుకార్డులను 1993లో ప్రారంభించినది. అంతకు ముందు తమ కొఱకై యొక్క ఫోటోయైన దిగి యెఱుగని కూలివారు, నేతవారు, బీడీలు చుట్టు స్త్రీలు మా జిల్లాలలో వేలకొలది యుండిరి. ఆనాడు వరుసలో నిలువబెట్టి తొందరగా తీసిన గోరంత మొగమే వారి సంతానమునకు మిగిలిన రూపము. దానిని గోడకు సరిపడ పెంచగా కండ్లు మసకలు, పెదవి యొక గీత. తండ్రి యెట్లుండెనో తెలియగోరు మనుమనికి ఆ మసక తప్ప వేఱొకటి లేదు. కావున ఇంటిలోని యువకుడు ఫోనుతో తీయు చిత్రము నేడు మునుపటి స్టూడియోవాని పని చేయుచున్నది. ఆ పని బాగుగా జరుగుట అందఱికిని అవసరము.

పేరుపొందినవారును ఒకనాడు ఔత్సాహికులే. 1844లో సర్ధనాలో జన్మించిన లాలా దీనదయాళు ఇండోరులో ప్రభుత్వ నిర్మాణశాఖలో పటములు గీయు ఉద్యోగి. 1874 ప్రాంతమున నుద్యోగముతో బాటు ఫోటోగ్రఫీ చేపట్టెను. సర్ హెన్రీ డేలీ అను అధికారి ఆయన చిత్రములను చూచి ప్రోత్సహించెను. అటు పిమ్మట ఆయన హైదరాబాదులో ఆఱవ నిజాము మహబూబ్ అలీఖానుని యాస్థాన ఛాయాచిత్రకారుడై, రాజా బిరుద మందెను. 1892లో ఆయన స్త్రీల కొఱకై ప్రత్యేకముగా నొక జనానా స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణ నొక ఇంగ్లీషు వనితకు అప్పగించెను. పరదా పాటించు గృహిణులు అచ్చట పురుషుల కండ్లు పడకుండ ఫోటో దిగగలిగిరి. దిగువారి సౌకర్యమును మొదట ఆలోచించిన యేర్పాటుగా దానిని నేను గౌరవింతును. మన కోరుట్లలో 1939లో పుట్టి, గిరిజనుల చిత్రములకు పేరుపొంది, 2011లో హైదరాబాదున కన్నుమూసిన బండి రాజన్‌బాబు గారిని ఫోటోగ్రఫీపై మక్కువ గలవారు నేటికిని తలచుకొందురు. ఒంటరిగా నేర్చుకొనుట కష్టమని పెద్దలు మొదటనే గుర్తించిరి. 1854లో బొంబాయియందును, 1856లో కలకత్తా మదరాసులయందును ఫోటోగ్రఫీ సంఘములు వెలసినవి. సభ్యులు తమ చిత్రములను తెచ్చి బల్లపై పఱచి, పరస్పరము మాటలాడుకొనుట వాని ముఖ్యకార్యములలో నొకటి.

మేమును కరీంనగరములో ఏడెనిమిది మందిమి నెలకొక యాదివారము నాడు ఒకరి యింట గూడుచుందుము. దానికి పేరు లేదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. ఒక బ్యాంకు గుమాస్తా, ఒక ఆర్టీసీ కండక్టరు, డిగ్రీ చదువుచున్న ఆయన కూతురు, మా బడిలో లెక్కలు చెప్పు యువకుడు, ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగమున పనిచేసి విరమించిన పెద్దమనిషి యొకరు, ఇంకను ఇద్దఱు ముగ్గురు. చిత్రమును కాగితముపై అచ్చు వేయించి తేవలె ననునది మా యేకైక నిబంధన. ఫోను తెఱమీద చిత్రమును వ్రేళ్లతో సాగదీసి ముక్కుకొన చూచుటకే మనసు పోవును. కాగితముపై నైనచో కన్ను నాలుగు మూలలు తిరిగి వచ్చును.

మొదటి దినములలో మా మాటలును పైన చెప్పిన బంధువుల మాటలవలెనే యుండెడివి. తెచ్చినవాడు నొచ్చుకొనునేమో యని పొగడ్త. పొగడ్త విసిగినపుడు యంత్రము వెలను గుఱించిన ముచ్చట. విమర్శ యని చేసినది మాత్రము, విచారింపగా, చిత్రమును గుఱించి కానే కాదు. "ముక్కు పెద్దది", "పండ్లు ఎత్తు", "మనిషి నల్లన" – ఇట్టివి. ఇవన్నియు దిగినవారి శరీరమును గుఱించిన తీర్పులు. తీసినవాడు వానిని విని యేమి చేయవలెను? ఇంకొక తల్లిని వెదకికొనవలెనా? పెండ్లి సంబంధములకై పంపు ఫోటోల విషయమున ఈ దురాచారము పరాకాష్ఠకు చేరినది. పదిమంది కూర్చుండి ఒక పిల్ల చిత్రమును చేతులు మార్చుకొనుచు చేయు వ్యాఖ్యలను ఆ పిల్ల తలుపు చాటున వినుచున్న దన్న తలపు వారి కుండదు. అచ్చట పరీక్షింపబడునది ఫోటో కాదు. ఆ గదిలో పలుకు భాషనే మనము కళావిమర్శ యని పేరుపెట్టి బయటికి తెచ్చితిమి.

మా లెక్కల ఉపాధ్యాయుడు ఒక నెల తన బాపమ్మ చిత్రమును తెచ్చెను. జగిత్యాలకు ఆవల పల్లెలో నుండు ఆమెకు ఎనుబది యేండ్లు దాటినవి. పగలు పదకొండు గంటల యెండలో, సున్నము వేసిన గోడ కానించి నిలువబెట్టి, ఫోనుతో రెండడుగుల దూరమునుండి తీసినాడు. కనుగుంటలు రెండు నల్లని గోతులు, మొగము బొగ్గు, ముక్కు ముందుకు వచ్చి చెవులు వెనుకకు పోయినవి, చేతులు మోచేతుల వద్దనే తెగినవి. గుమాస్తాగారు "చాల సహజముగా నున్నది" అనిరి. మఱియొకరు, సాయము చేయవలె నను సద్బుద్ధితోనే, "ముసలమ్మ నల్లగ వచ్చింది, జర తెల్లగ చేయించు" అనిరి. మా వాడు ఒక స్టూడియోకు పోయి చేయించెను. ముడుతలు పోయినవి, చర్మము గోధుమపిండివలె నైనది, పెదవులకు ఎఱుపు వచ్చినది. దానిని చట్రము కట్టించి యూరికి తీసికొనిపోయి చూపగా ఆమె చాల సేపు చూచి, "గీమె ఎవలు బిడ్డా?" అని యడిగెనట.

ఈ మాటను అతడు మా సమావేశమున నవ్వుచు చెప్పెను. కొందఱు నవ్విరి. ఎక్స్‌రే సారు మొదటి చిత్రమును మఱల తెమ్మని, కిటికీ దగ్గఱ పట్టుకొని చూచి, ప్రశ్నలు మొదలుపెట్టిరి. ఆమె యే దిక్కు చూచుచున్నది? నీవెక్కడ నిలిచితివి? ఆ వేళ యింటిలోపల వెలుతురు ఎచ్చట నుండెను? ఆయన పద్ధతి మాకు క్రొత్త. "మేము ఫిలిము కడుగుతుంటిమి. ఫిలిము చెడితే రోగి ఎముకను తిట్టలేదు. ఎంత సేపు ఇచ్చినం, ఎంత దూరం పెట్టినం, ఎట్ల పండబెట్టినం – అవే చూసుకున్నం" అనిరి. నాకు తెలిసిన విమర్శ సూత్రములలో దీనికి మించిన దానిని నేను ఏ యలంకారశాస్త్రమునందును చదువలేదు.

మొగము నల్లబడుటకు కారణము ఆమె మేనిచాయ కాదని ఆయన వివరించిరి. కెమెరా తన యెదుట నున్న దంతయు సగటున మధ్యస్థమైన బూడిదవన్నె వెలుగని భావించి లెక్కకట్టును. చట్రములో ముప్పాతిక వంతు తెల్లని గోడయే యైనపుడు అది మిక్కిలి వెలుగని తలచి మొత్తమును తగ్గించును. గోడతో బాటు మొగమును తగ్గిపోవును. నేటి ఫోనులు మొగమును గుర్తుపట్టి కొంత సవరించుకొనగలవు గాని, నడినెత్తి యెండలో కనుబొమ్మల నీడ కంటిపై పడుటను అవి మాన్పలేవు. ముక్కు పెరుగుటకును ఇట్టి కారణమే. రెండడుగుల దూరములో చెవికంటె ముక్కు కెమెరాకు చాల దగ్గఱ. ఆఱేడడుగులు వెనుకకు పోయినచో ఆ భేదము లెక్కకు రాదు.

చర్మము రంగును గుఱించి యిక్కడ ఒక మాట చెప్పక తప్పదు. యంత్రములును పక్షపాతము నేర్చుకొన్నవే. ఇరువదవ శతాబ్ది నడుమ రంగుల ఫోటోలు అచ్చువేయు ప్రయోగశాలలకు కొడాక్ సంస్థ సరిచూచుకొను నిమిత్తమై యొక స్త్రీ చిత్రమును పంపుచుండెను. షిర్లీ కార్డు అని దానికి వాడుక పేరు. అందలి స్త్రీ తెల్లజాతిది. ఆమె చర్మము సరిగా వచ్చినచో రంగులు సరిపోయిన వని నిర్ణయము. నానావర్ణములవారిని చేర్చిన కార్డులు ఆ శతాబ్దాంతమునకు గాని వ్యాప్తిలోనికి రాలేదు. అమెరికాలో ఆ కార్డు చేసిన పనిని మన యిండ్లలో పెద్దల నాలుకలు చేయుచున్నవి. మన వేములవాడ సమీపమున బూరుగుపల్లిలో 1942లో జన్మించిన తోట వైకుంఠము గారు తెలంగాణ స్త్రీలను చిత్రించినపుడు వారి నల్లని మేనిని దాచలేదు. పెద్ద కుంకుమబొట్టు, ఎఱ్ఱని పసుపుపచ్చని చీర ఆ నలుపుపైననే వెలుగునట్లు చేసిరి. ఆ చిత్రములను వేలకు లక్షలకు కొని గోడల కలంకరించుకొను సంపన్నులే తమ కూతుళ్ల ఫోటోలను తెల్లగా చేయింతురు. దీనిని నేను అర్థము చేసికొనలేను.

లెక్కల ఉపాధ్యాయునికి మేము చెప్పినవి నాలుగే మాటలు. ఉదయము ఎనిమిది లోపల పొమ్ము. ఆమెను ఇంటిలోపల దర్వాజకు ఎదురుగా, గడపకు నాలుగైదు అడుగుల లోపల కూర్చుండబెట్టుము. వెనుక చీకటి యుండును, మొగముపై ఆకసపు వెలుతురు మెత్తగా పడును. నీవు దర్వాజ కడ్డముగా నిలువక ప్రక్కకు జరిగి, ఆమె కండ్ల యెత్తునకు నీ కెమెరా దించుము. చేతులను కోయకుము. ఈ నాలుగింటిలో ఏదియు బాపమ్మను మాఱుమని చెప్పలేదు. అన్నియు మనుమని కాళ్లకును చేతులకును పని చెప్పినవే.

ఐదవ మాట ఒకటి కండక్టరు గారి అమ్మాయి చెప్పినది. బాపమ్మ నలుబది యేండ్లు బీడీలు చుట్టిన మనిషి. కావున ఒడిలో చాట, చాటలో తునికాకు, కత్తెర, తంబాకు పెట్టి తీసినచో ఆమె జీవితమంతయు ఒక్క చిత్రములో వచ్చు ననెను. మే మందఱము ఔనంటిమి. చిత్రముగా ఊహించుకొన్నపుడు అది మిక్కిలి యింపుగా నుండెను.

మఱుసటి నెల అతడు తెచ్చిన చిత్రములో చాట లేదు. కండ్లలో దర్వాజ వెలుగు రెండు చిన్న చుక్కలుగా నిలిచినది. చర్మము ఇప్పటికిని నల్లనిదే, కాని అది బొగ్గు కాదు. చెక్కిలి మీది మిట్టలు, నుదుటి ముడుతలు, చెవి కమ్మల బరువుకు సాగిన తమ్మెలు అన్నియు తెలియుచున్నవి. ఒడిలో రెండు చేతులు ఊరక యున్నవి. చాట యేమైన దని అమ్మాయి యడుగగా అతడు బాపమ్మ మాటను ఉన్నదున్నట్లు చెప్పెను: "చాట పెట్టకు బిడ్డా. బతుకంత దానెంబడే పాయె. ఫోటువల గూడ అదేనా?"

ఆ దినము మాలో వాదము చాల సేపు నడిచినది. చాట లేకున్న ఆ చేతులు అట్లెందుకు వంగినవో చూచువారి కెట్లు తెలియు నని ఒక పక్షము. చూచువారి జ్ఞానము కొఱకు ఆమె తన ముసలితనమున మఱల చాట యెత్తవలెనా యని రెండవ పక్షము. నేను రెండవ పక్షమువాడను. శ్రమను చిత్రించుట మంచిదే. ఆ శ్రమ చేసినవారు దానిని ఏ కన్నుతో చూచుచున్నారో అడుగకుండ చిత్రించుట మంచిది కాదు. అమ్మాయి సలహా తెలివిలేనిది కాదు. తీసినవానికి చెప్పదగిన సలహాయే. కాని దానిని అంగీకరించు నధికారము తీసినవానికి లేదు, మాకును లేదు.

నాకు శాకుంతలములోని యాఱవ యంకము అప్పుడు గుర్తునకు వచ్చినది. మన వాఙ్మయములో ఒక రూపచిత్రమును నలుగురు చేరి చర్చించిన ఘట్టము ఇంతకంటె విపులముగా మఱియొకచోట నున్నట్లు నే నెఱుగను. దుష్యంతుడు శకుంతలను తన చేతితో చిత్రించెను, అతడును ఔత్సాహికుడే. విదూషకుడు ముగ్గురు స్త్రీలలో శకుంతల యెవరో చిత్రమును బట్టి కనుగొనుటకు యత్నించును. చిత్రము చిత్రముగా నిలిచినదా లేదా యని తేల్చుటకు ఇంతకంటె మంచి పరీక్ష లేదు. రాజు తన చిత్రమును తానే విమర్శించుకొనుచు, ఇంకను వ్రాయవలసినవి పేర్కొనును: ఇసుకతిన్నెలపై హంసల జంటతో మాలినీనది, లేళ్లు పరుండిన హిమాలయపు చఱియలు, నారచీరలు ఆఱవేసిన చెట్టు, పిమ్మట చెవిలో శిరీషపుష్పము, మెడలో తామరతూడుల హారము. విదూషకుడు తనలో తాను, ఇక ఈయన గడ్డముల మునులతో పలక నింపివేయునేమో యని జంకును. నవ్వు పుట్టించు మాటయే యైనను, వెనుక దృశ్యము మొగమును మ్రింగివేయకుండ ఆపు సలహా యదియే. నేటి ఔత్సాహికులలో సగము మందికి విదూషకుని వంటి స్నేహితుడు అవసరము.

ఆ యంకములో శకుంతల యొక్కతె మాత్రము లేదు. ఆమె పక్షమున మేనకకు సఖియైన సానుమతి వచ్చి చూచుచున్నది. ఆమెయు ఎవరికిని కనబడదు, ఆమె మాట ఎవరికిని వినబడదు. చెవిలో పువ్వుండవలెనా, నారచీరల చెట్టు క్రింద దిగవలెనా యని శకుంతల నడిగిన దెవరు? ఆశ్రమమును, ఆ నదిని ఆమె తిరిగి చూడగోరినదో లేదో మనకు తెలియదు. పిల్లలకు ఈ నాటకము చెప్పునపుడు ఇంతకు మునుపు ఈ ప్రశ్న నాకు తట్టలేదు. బీడీల చాట తట్టించినది.

కాళిదాసే మాళవికాగ్నిమిత్రములో మఱియొక సంగతి చూపినాడు. చిత్రమును ముందు చూచి, పిమ్మట మాళవికను ప్రత్యక్షముగా చూచిన యగ్నిమిత్రుడు, చిత్రించినవాని యేకాగ్రత సడలిన దని తలచును. లోపమును చిత్రించినవాని మనఃస్థితిలో వెదకినాడే గాని మాళవికలో వెదకలేదు. అతని తక్కిన గుణముల మాట యెట్లున్నను, ఈ విమర్శ సరియైన తావున నిలిచినది.

విష్ణుధర్మోత్తరములోని చిత్రసూత్రము, చూచువారి రుచులు వేర్వేఱని చెప్పుచు, ఆచార్యులు రేఖను, విచక్షణులు నీడవెలుగుల పోహళింపును, స్త్రీలు నగలను, ఇతరులు రంగుల సమృద్ధిని మెచ్చుకొందురని విభజించినది. చూచువాడెవడో తెలిసికొని వాని మాటకు విలువ కట్టవలెనను బోధ ఇందు గలదు. స్త్రీలను గుఱించిన భాగమును నేనొప్పుకొనను. బాపమ్మ చిత్రమును మా యింటిలో చూపగా నా భార్య మొదట నగలనే చూచిన మాట నిజమే, చూచి, "ఈ కమ్మలు ఇప్పటివి కావు, తల్లిగారు పెట్టినవి అయి ఉంటయి, తీయకుండ ఉంచుకున్నది" అనెను. అది నగల యాశ కాదు. మేము ఏడుగురము చదువలేని పంక్తిని ఆమె చదివినది.

ఐతే దోషము చూపిన ప్రతి మాటయు, అది నిజమైనంత మాత్రమున, ఉపకారమగునా? కలకత్తాలో 1815లో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాను చరిత్ర దీనికి నిదర్శనము. ఆమెకు నలుబది యెనిమిదవ యేట, 1863లో, కూతురును అల్లుడును ఒక కెమెరా కానుకగా నిచ్చిరి. ఇంగ్లండులోని వైటు ద్వీపమున తన యింటివద్దనే పనివారిని, పొరుగువారిని, కవులను, శాస్త్రజ్ఞులను దగ్గఱనుండి చిత్రించెను. ఆనాటి ఫోటో పత్రికలవారు ఆమె చిత్రములు మసకగా నున్న వనియు, పలకలపై మరకలు, వ్రేలిముద్రలు గల వనియు తప్పుపట్టిరి. ఆ యారోపణలు అబద్ధములు కావు. కాని మసక కొంతవఱకు ఆమె కోరి యుంచుకొన్న దని, మొగములోని మనిషి కొఱకు ఆమె అంచులను వదలుకొన్న దని వారు విచారింపలేదు. మరకలను గుఱించి చెప్పిన మాట వేఱు, మసకను గుఱించి చెప్పిన మాట వేఱు. రెండింటిని ఒకే తట్టలో వేసి ఆమెపై గుమ్మరించిరి. ఆమె రెండింటిని త్రోసివేసెను. 1879లో సింహళమున ఆమె మరణించిన నాటికి ఆ పత్రికలవారి పేర్లకంటె ఆమె పేరే నిలువదగిన దని తేలియుండెను. అందుచేత ఎక్స్‌రే సారు ఎవరు చిత్రము తెచ్చినను మొదట అడుగునది, "ఏం చూసి ఆగినవు?" అని. దానికి సమాధానము విన్న పిమ్మటనే గుణదోషములు.

నేను కొన్నేండ్లు ఉట్నూరు ప్రాంతమున పనిచేసితిని. పుష్యమాసపు అమావాస్యకు కేస్లాపూరులో మెస్రం వంశీయులు జరుపు నాగోబా జాతరకు, దీపావళి దినముల దండారికి నగరములనుండి కెమెరాలు గుంపులుగా వచ్చును. నెమలియీకల కిరీటము పెట్టుకొన్న గుస్సాడీ నర్తకుని చిత్రము లేని ప్రదర్శన మా వైపున లేదు. వానిని చూచి జనులు "రంగులు అద్భుతము" అందురు. కిరీటము క్రింది మొగము ఎవరి దని అడుగువారిని నేను చూడలేదు. మార్లవాయికి చెందిన కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చిన పిమ్మట గుస్సాడీ కొక పేరు గల మనిషి దొరికెను. ఆయన 2024లో గతించిరి.

ఆ మార్లవాయిలోనే 1940ల దశకమున క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫు తన భార్య ఎలిజబెత్తుతో నివసించి, గోండుల జీవితమును వ్రాసెను, చిత్రించెను. అచ్చట గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము 1943లో మొదలైనది. 1987లో మరణించిన ఎలిజబెత్తు సమాధి ఆ యూరిలోనే గలదు. ఆయన తీసిన చిత్రములు లండనులోని ప్రాచ్య, ఆఫ్రికా విద్యల కళాశాలలో భద్రముగా నున్నవి. వానికి విద్వాంసులు చెప్పు గుణదోషములు ఎన్నియైన నుండవచ్చును; అందులో తన తాతను గుర్తుపట్టిన మనుమడు చెప్పు నొక్క మాటకు అవి సాటి రావు.

ఆ రోజులలో నాతో పనిచేసిన యొక మిత్రుడు ఒక గోండు వృద్ధుని ఆయన యింటి పందిరి క్రింద తీసి, వెంటనే తెఱపై చూపెను. వృద్ధుడు చూచి, "రుమాలు వంకర ఉన్నది. ముందుగల్ల చెప్పొద్దా సారూ" అనెను. మిత్రునికి ఆ వంకరయే ముచ్చటగా తోచినది. కాని వృద్ధుడు తలపాగ విప్పి, నెమ్మదిగా చుట్టి, మఱల దిగెను. రెండవ చిత్రములో మెడ నిలిచినది, చూపు తిన్నగా వచ్చినది. గాజుపలకల కాలమున దిగినవారికి తమ రూపము వారములకు గాని తెలియకుండెను; నేడు క్షణములో తెలియును. ఈ వసతిని మనము పదిమందికి పంపుటకే వాడుచున్నాము గాని, మొదట దిగినవారికి చూపుటకు వాడుట లేదు.

లెక్కల ఉపాధ్యాయుడు ఇప్పుడు చూపుచున్నాడు. దర్వాజ వెలుతురులో తీసిన చిత్రమును చట్రము కట్టింపక ముందే బాపమ్మకు చూపించెను. ఈమాఱు ఎవరని యడుగలేదు. కండ్లు మంచిగా నున్న వనెను. చేతులు తనవే యనెను. తరువాత, "గింత ఒక్కదాన్నే ఎందుకు దించినవ్ బిడ్డా?" అనెను. ప్రక్కయింటి ఆమెయు తానును ఒకే అరుగుమీద నలుబది యేండ్లు ఎదురెదురుగా కూర్చుండి పనిచేసిరట. దిగినచో ఇద్దఱము కలిసియే దిగుదు మని ఆమె కోరిక. మాలో ఇంతమందిమి ఆ చిత్రమును ఇంత తీఱికగా చూచితిమి గదా, అందులో ఒక మనిషి తక్కువ యున్నదని ఎవరికిని తట్టలేదు.

దసరా సెలవులలో అతడు మఱల ఊరికి పోవుచున్నాడు. ఒక దర్వాజ వెలుతురులో రెండు మొగములను ఎట్లు కూర్చవలెనని గడచిన యాదివారము మమ్ము అడిగెను. ఒకరి వెనుక నొకరుంటే దగ్గఱివారికి వెలుతురు ఎక్కువ, వెనుకవారికి తక్కువ పడునని కండక్టరు గారి అమ్మాయి బొమ్మ గీసి చూపినది. చాట మాట మాత్రము ఎత్తలేదు. ఇద్దఱిని గడపకు సమదూరముగా, భుజము భుజము తాకునట్లు కూర్చుండబెట్టి, ఇంకొక రెండడుగులు లోపలికి జరుపు మని ఎక్స్‌రే సారు చెప్పిరి. వారు ఎదురెదురుగా కూర్చుండ గోరినచో నేమి చేయవలె నని గుమాస్తాగారు సందేహము వెలిబుచ్చిరి. అట్లైనచో ఇంటిలోపల కాదు, ఆ అరుగు మీదనే, ప్రొద్దు ఇంటి వెనుకకు వాలిన పిమ్మట సాయంకాలపు నీడలో తీయవలె నని తేలినది. అరుగు ఏ దిక్కునకు నున్నదో కనుగొని వచ్చెద నని అతడు నోటుపుస్తకములో వ్రాసికొనెను.